మూడు బైట్ల రంగుకు 85 ఎంబీ ఇన్‌స్టాలరా?

ప్రశ్న: మ్యూజిక్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక నేను పెట్టుకున్న ట్రాక్ రంగులన్నీ పోయి బూడిద రంగు వచ్చేసింది. నెట్‌లో 85 ఎంబీ 'కలర్ ప్యాక్' ఒకటి దొరికింది. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా?

జవాబు: ఆపొద్దు. ఈ ప్రశ్న నాకు నెలకోసారైనా వస్తోంది. సాఫ్ట్‌వేర్ పేరు మారుతుందంతే, 'యాంటీవైరస్ ఆపండి' అన్న మాట మాత్రం మారదు.

ఒక్కసారి లెక్క వేద్దాం. రంగంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోదానికి 0 నుంచి 255 లోపు ఒక అంకె. మొత్తం 3 బైట్లు. మీ సెషన్‌లో నలభై ట్రాకులున్నా 120 బైట్లే. మిగతా 85 ఎంబీలో ఏముంది? ఆపమన్న యాంటీవైరస్‌కి అది బహుశా తెలుసు.

థీమ్ (సాఫ్ట్‌వేర్ తెర రూపురేఖలు) ఫైళ్ళు కూడా అంతే, కొన్ని బొమ్మలు, కొన్ని రంగుల అంకెలు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ థీమ్ జిప్‌ని తెరిచి చూడండి, లోపల పీఎన్‌జీ బొమ్మలు, సెట్టింగ్స్ రాసిన టెక్స్ట్ ఫైళ్ళు ఉంటాయి. దాన్ని పెట్టడానికి ఈఎక్స్‌ఈ (ఇన్‌స్టాలర్ ప్రోగ్రాము) నడపాల్సిన పని లేదు. స్క్రిప్టుల సంగతి వేరు. 'ఆటో కలర్' అంటూ దొరికే స్క్రిప్టులు ప్రోగ్రాములే, మీ కంప్యూటర్‌లో మీరు చేయగలిగినవన్నీ అవీ చేయగలవు. ప్లగిన్లూ అంతే. ఎవరు రాశారో తెలియనివి వేసుకోవద్దు.

ఇప్పటికే ఆపి నడిపేశారా? అయితే ముందు నెట్ తీసేయండి. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లే కాదు, లాగిన్ కుకీలూ (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్‌కి చెప్పే చిన్న ఫైళ్ళు) పోయి ఉండొచ్చు. కుకీ దొంగ చేతికి చిక్కితే ఓటీపీ అడగకుండానే మీ మెయిల్‌లోకి దూరగలడు. అందుకే వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచీ లాగౌట్ కొట్టండి. తర్వాత బ్యాంకుది. ప్రాజెక్టులూ, ఆడియో ఫైళ్ళూ మాత్రం విడిగా కాపీ చేసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ వేయడమే నిశ్చింత.

ఇక మీ రంగులు. అవి పోయి ఉండకపోవచ్చు. ట్రాక్ రంగు సాధారణంగా ప్రాజెక్ట్ ఫైల్లోనే ఉంటుంది, దాన్ని ఎలా చూపించాలో థీమ్ నిర్ణయిస్తుంది. అప్‌డేట్ కొత్త థీమ్‌ని డీఫాల్ట్‌గా పెట్టేస్తే పాత రంగులు వెనకపడతాయి. పాత థీమ్‌కి మార్చి చూడండి. రీపర్ వాడేవాళ్ళకి ఇంకో సులువు ఉంది: ప్రాజెక్ట్ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, ప్రతి ట్రాక్ కిందా 'పీక్‌కాల్' (PEAKCOL) అనే వరుసలో ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలు ట్రాక్‌కొకటిగా వేరువేరుగా ఉంటే మీ రంగులు భద్రంగానే ఉన్నట్టు.

కానీ అసలు కోపం నాకు ఈ అప్‌డేట్ల మీద. మనిషి కూర్చుని డ్రమ్స్‌కి నీలం, బేస్‌కి గోధుమ, వోకల్స్‌కి పసుపు అని పెట్టుకున్నాడంటే అది అలంకారం కాదు, అర్ధరాత్రి మిక్స్‌లో స్క్రోల్ చేస్తూ పేరు చదవకుండానే ట్రాక్ దొరకడానికి. దాన్ని అడగకుండా కనిపించకుండా చేసి 'కొత్త లుక్' అని మురిసిపోతే ఎలా? పైగా ఆ కొత్త లుక్‌లో మ్యూట్ (ట్రాక్ శబ్దం ఆపేది), సోలో (ఆ ట్రాక్ ఒక్కటే వినిపించేది) బటన్లు రెండూ ఒకేలాంటి మసక రంగులు! యూరప్ మూలాలున్న మగవాళ్ళలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదన్న సంగతి ఈ డిజైనర్లు ఎప్పుడూ వినలేదా?

మీరూ ఒక్క రంగునే నమ్ముకోవద్దు. ట్రాక్‌కి పేరు పెట్టండి, ఆ పేర్లూ రంగులతో ఖాళీ ప్రాజెక్ట్‌ని టెంప్లేట్‌గా సేవ్ చేసి అప్‌డేట్‌కి ముందు పక్కన పెట్టుకోండి. ఎరుపు మాత్రం ఏ ట్రాక్‌కీ ఇవ్వకండి, రికార్డ్ బటన్ నొక్కి ఉన్న ట్రాక్ ఏదో కనిపించాలి కదా.