నలభై రెండో రోజు సిగరెట్టు

(పాఠకుల ప్రశ్నలు. జవాబులు: గుంటూరు బ్రాడీపేటలో విశ్రాంత జీవితం గడుపుతున్న ఊపిరితిత్తుల డాక్టరు)

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. మావారికి 43 ఏళ్ళు. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. పందొమ్మిదో ఏట మొదలుపెట్టారట, ఇప్పుడు రోజుకి పన్నెండు, పదిహేను సిగరెట్లు. ఆరేళ్ళుగా అయ్యప్ప మాల వేస్తున్నారు. ఆ 41 రోజులూ ఒక్కటంటే ఒక్కటి ముట్టరు. శబరిమల నుంచి వచ్చి మాల తీయించుకున్న సాయంత్రమే వీధి చివర బడ్డీ కొట్టు దగ్గర కనబడతారు. పోయినేడు మా పెద్దమ్మాయి అది చూసి ఇంటికొచ్చి ఏడ్చింది. స్వామి కోసం మానగలిగిన మనిషి మా కోసం మానలేడా? ఇది మా మీద ప్రేమ లేకపోవడం కాక ఇంకేమిటి? – ఒక ఇల్లాలు

జవాబు: అమ్మా, ముందు ఆ ఆఖరి మాట పక్కన పెట్టండి. మా అమ్మకి ఆస్తమా. అమ్మంటే నాకు ప్రాణం. అయినా పక్క గదిలో కిటికీ రెక్క ఓరగా తీసి సిగరెట్టు కాల్చేవాణ్ణి, అదీ ఊపిరితిత్తుల డాక్టరీ చదివి. అమ్మ గోడవతల దగ్గుతుంటే రెండు దమ్ములు గబగబా లాగి ఆర్పేవాణ్ణి. పూర్తిగా మానేయాలని మాత్రం తోచేది కాదు. కాబట్టి ప్రేమతో కొలవకండి. కొలిస్తే మీకు దుఃఖం, ఆయనకి తప్పుచేశానన్న బాధ, ఆ బాధకి ఇంకో సిగరెట్టు.

మీరు గమనించిన సంగతి మాత్రం చాలా విలువైనది. 41 రోజులు మానినవాడు 42వ రోజు ఎందుకు కాల్చాడు? నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది 'మానడం ఎంతసేపండీ, ఏటా మానుతూనే ఉన్నా' అనేవారు. మొదట్లో నవ్వొచ్చేది. ఆ తర్వాత వాళ్ళని మాల గురించే అడగడం మొదలుపెట్టాను, సిగరెట్ల గురించి తక్కువ.

ఒంటి సంగతి ముందు చూద్దాం. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. అక్కడ డోపమిన్ అనే రసాయనం కాస్త విడుదలవుతుంది, హాయిగా ఉంటుంది. రెండు గంటలు తిరిగేసరికి రక్తంలో ఉన్న నికోటిన్‌లో సగం ఖాళీ. రోజూ పోస్తూ ఉంటే మెదడు దానికి అలవాటుపడిపోతుంది, తగ్గగానే చిరాకు, గుబులు, పని మీద మనసు నిలవకపోవడం. అప్పుడు ఇంకోటి ముట్టిస్తే నెమ్మదిస్తుంది. 'టెన్షన్ తగ్గుతోందండీ' అంటారు. బెజవాడలో ఉన్నవారికి కాల్‌మనీ అనే అధిక వడ్డీ అప్పుల గురించి నేను చెప్పక్కర్లేదు. వడ్డీ కట్టగానే అప్పిచ్చినవాడు గుమ్మం ముందు నుంచి వెళ్ళిపోతాడు, ఆ పూటకి ప్రాణం కుదుటపడుతుంది. అసలు ఆ గుమ్మం ముందుకి వాణ్ణి రప్పించింది మొన్న తీసుకున్న అప్పే అన్నది ఆ క్షణాన గుర్తురాదు. సిగరెట్టు తగ్గించే టెన్షన్‌లో చాలా భాగం ఆ ముందు సిగరెట్టు తెచ్చిపెట్టిందే.

అయితే ఈ బాకీకి ఒక హద్దుంది. మానాక మొదటి రెండు మూడు రోజులు గడ్డుకాలం. మూడు నాలుగు వారాలకి ఒంటి గోల చాలావరకు సద్దుమణుగుతుంది. అంటే మీవారు ఇరుముడి దించి ఇంటికొచ్చేసరికి ఆయన ఒళ్ళు బాకీ దాదాపు తీర్చేసింది. ఆ సాయంత్రం బడ్డీ కొట్టు దగ్గర కాల్చిన సిగరెట్టు ఒళ్ళు అడిగింది కాదు.

మరి ఎవరడిగారు? మాలలో ఆయన ఎలా ఉంటారో చూడండి. నల్ల బట్టలు. కాళ్ళకి చెప్పుల్లేవు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, సాయంత్రం పూజ, భజన, పక్కన మాలలో ఉన్న నలుగురు. షాపుకొచ్చిన లారీ డ్రైవరు దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా 'స్వామీ' అనే పిలుస్తారు. ఒకవేళ చెయ్యి చాచినా బడ్డీ కొట్టువాడే 'మాలలో ఉండి ఏంటి స్వామీ' అని ఇవ్వడు. ఆ మాటకున్న బలం నేను పది మందులు రాసినా రాదు. మాల తీశారు. చెప్పులు కాళ్ళకొచ్చాయి. 'స్వామి' పోయి 'ఏరా' వచ్చింది. పొద్దున పదకొండుకి ఆటోనగర్‌లో పక్క షెడ్డులో వెల్డింగ్ ఆగుతుంది, కుర్రాడు స్టాండులో టీ గ్లాసులు గలగలలాడించుకుంటూ వస్తాడు, ఎదురు షాపాయన లైటర్ తీస్తాడు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ గ్లాసు చప్పుడుకి సిగరెట్టు అంటుకునే ఉంది. అది రక్తంలో కాదు, ఆ చోటులో ఉంది.

ఇంకో చిత్రం. ఇజ్రాయెల్‌లో విమాన సిబ్బందిలో పొగతాగేవాళ్ళ మీద ఒక పరిశోధన చేశారు. అదే మనుషులు, ఒకసారి పొట్టి ప్రయాణం, ఒకసారి చాలా పొడుగు ప్రయాణం. సిగరెట్టు మీద యావ ఎన్ని గంటలు మానారన్నదాన్నిబట్టి పెరగలేదు, దిగే వేళ దగ్గరపడుతున్నకొద్దీ పెరిగింది. పొట్టి ప్రయాణం చివర ఎంత కొట్టుకున్నారో, అంతకు రెండు మూడింతల సేపు మానిన పొడుగు ప్రయాణం చివరా అంతే. మీవారి విమానం 41వ రోజున దిగుతుంది. ఆయనకి ఆ సంగతి మొదటి రోజే తెలుసు.

మనవాళ్ళకి ఇంకో ఆచారం ఉంది కదా, కాశీలో వదిలేయడం. కాశీలో వదిలినదానికి గడువు ఉండదు. (మన పెద్దలు తెలివిగా కాకరకాయ వదిలి వస్తారనుకోండి, ఆ మాట వేరు.) ఈసారి మాల తీయడానికి వారం ముందే, ఇంకా ఆయన స్వామిగా ఉండగానే, గురుస్వామి సమక్షంలో సిగరెట్టుని కాశీ లెక్కలో వేయించండి. సిగరెట్టు మాత్రమే. మాంసం, చెప్పులు, మంచం అన్నీ మామూలుగా తిరిగొస్తాయి, ఇది రాదు. మాల తీసిన తర్వాత పది రోజులు పదకొండు గంటల టీ షాపు లోపలే, కౌంటరు దగ్గర, ఎదురాయనతో కాకుండా. ఎదురాయనకి కూడా ముందే చెప్పాలి, ఆయన మీద కోపంతో కాదు, సాయం అడుగుతున్నట్టు. యావ వస్తే మూడు నుంచి అయిదు నిమిషాలు ఉండి పోతుంది. ఆ కాస్సేపూ చేతికి పని ఉంటే చాలు, నట్లు లెక్కపెట్టమనండి. 'ఒక్కటే కదా' అన్నచోట మాత్రం రాయిలా ఉండాలి.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే 1991లో నేను ఏడు నెలలు మానాను. మా అక్క కూతురి పెళ్ళి, తెనాలి దగ్గర పల్లెటూరు. ఆ రోజుల్లో విడిదిలో మగపెళ్ళివారికి వెండి పళ్ళెంలో తాంబూలం పక్కన విడి సిగరెట్లు పేర్చి తిప్పేవారు, మర్యాద. పళ్ళెం నా ముందుకొచ్చింది. పట్టుకున్నది మా బావ, మేనకోడలి తండ్రి. 'తీసుకో బావా' అన్నాడు. కాదంటే ఆయన మొహం చిన్నబోతుందనుకున్నాను, నిజంగా అదే అనుకున్నాను. ఒక్కటే. పెళ్ళి మూడో రోజుకి పెట్టె కొన్నాను. మళ్ళీ మానడానికి అయిదేళ్ళు పట్టింది.

మాల వేసుకునే దాకా ఆగక్కర్లేదు అనుకుంటే, ఆ మొదటి మూడు నాలుగు వారాలకి ఆసరా కావాలి. నికోటిన్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది. లేచిన అరగంటలోపే మొదటిది ముట్టించే మనిషైతే పెద్దది కావాలి, అది మీ డాక్టరుని అడిగే కొనండి. చూయింగ్ గమ్‌లా నమిలేయకూడదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గన పెట్టుకుని, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. అంతకు పావుగంట ముందు నుంచీ టీ, కాఫీ వద్దు. అన్నట్టు టీ సంగతి. పొగ వల్ల ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతుంటుంది. మానగానే అది నిదానిస్తుంది, రోజూ తాగే అయిదు టీలే పది టీల పని చేస్తాయి. గుండె దడ, నిద్ర పట్టకపోవడం. మానినందుకే ఇలా అవుతోందనుకుని మళ్ళీ మొదలెట్టినవాళ్ళు నాకు తెలుసు. టీలు సగానికి తగ్గించండి. సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది 1800 11 2356 నంబరు, ఫోన్ ఉచితం, మాట్లాడి దారి చెబుతారు.

క్యాన్సర్ బొమ్మలు చూపించి భయపెట్టకండి, పెట్టె మీద రోజూ చూస్తూనే ఉన్నారు. చెప్పాలనుకుంటే ఇది చెప్పండి. బ్రిటన్‌లో డాక్టర్లనే 1951 నుంచి 50 ఏళ్ళపాటు వెంబడించి లెక్క తీశారు. సిగరెట్టు మానని వాళ్ళ ఆయుష్షు సగటున పదేళ్ళు తగ్గింది. నలభై ప్రాంతంలో మానినవాళ్ళకి అందులో తొమ్మిదేళ్ళు దక్కాయి. యాభైకి మానితే ఆరు. మీవారికి 43.

ప్రశ్న: సార్, నాకు 20. గుంటూరులో ఇంజనీరింగ్, హాస్టల్. ఫస్టియర్‌లో మొదలైంది, ఎందుకు మొదలెట్టానో నాకే తెలీదు. పెద్ద ఇష్టం కూడా లేదు. రోజుకి మూడే. అలవాటు కాలేదనే అనుకుంటున్నా. అయిందో లేదో ఎలా తెలుస్తుంది? – ఒక విద్యార్థి

జవాబు: ఎందుకో నీకు తెలీదు గానీ నాకు తెలుసు నాయనా, నేనూ అలాగే మొదలెట్టాను. 1978, హాస్టల్ గేటు బయట బడ్డీ కొట్టు. స్తంభానికి కొబ్బరి పీచు తాడు వేలాడుతూ ఉండేది, కొన ఎప్పుడూ రాజుకుంటూ. ఒంగి సిగరెట్టు ఆ కొనకి ఆనించి లాగాలి. సీనియర్ చూపించాడు. కళ్ళు తిరిగాయి, వాంతి వచ్చినంత పనయింది. రుచి లేదు, సుఖం లేదు. కానీ ఆ తాడు చుట్టూ నిలబడ్డ నలుగురి కబుర్లలో నాకు చోటు దొరికింది. మెస్‌లో నన్ను పేరుపెట్టి పిలవనివాళ్ళు అక్కడ పిలిచారు. నేను మర్నాడు వెళ్ళింది ఆ పిలుపు కోసం. పొగాకు ఊరు కదా అంటావేమో, ఊరి తప్పేం కాదు, మా నాన్న పొగాకు గ్రేడింగ్‌లో గుమస్తా, నా మెడికల్ ఫీజు ఆ ఆకే కట్టింది, అయినా ఆయన జీవితంలో సిగరెట్టు పట్టలేదు.

మొదలెట్టిన కారణం నెల తిరక్కుండానే పక్కకి తప్పుకుంటుంది. కబుర్లు లేకపోయినా ఒక్కడివే వెళ్తున్నావా? రోజుకి మూడన్న లెక్క చూసి ధైర్యపడకు, నీ వయసులో రోజూ కాల్చకుండానే పట్టు పడిపోతుంది. హాస్టల్‌లో ఈ పరీక్ష తేలదు, అక్కడ గుంపు ఉంటుంది. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు చూసుకో. పొద్దున ఏదో వెలితిగా ఉండి, అమ్మ అడక్కుండానే 'పెరుగు ప్యాకెట్ తెస్తా' అని బండి తీస్తున్నావా? వచ్చేటప్పుడు జేబులో బబుల్ గమ్ ఉందా? ఎవరో ఇంటికొస్తే బయటికెళ్ళడం కుదరక వాళ్ళమీద చిరాకు పడ్డావా? ఒక్కదానికి అవునన్నా అయినట్టే. భయపడకు, మూడు సిగరెట్ల పట్టు పదిహేను సిగరెట్ల పట్టు కంటే సులువుగా ఊడుతుంది, గమ్ కూడా అక్కర్లేకపోవచ్చు. గేటు బయట కాకుండా ఆ కబుర్లు ఇంకెక్కడ దొరుకుతాయో ముందు అది వెతుక్కో, నేను వెతుక్కోలేదు.

వచ్చే ఆదివారం ఆ పెరుగు ప్యాకెట్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి నాకు రాయి. దుకాణం ఎంత దూరమో కూడా రాయి.