ఐఫోన్ బ్యాకప్‌కి సి డ్రైవ్ చాలట్లేదా? డి డ్రైవ్‌కి పంపేద్దాం

ప్రశ్న: సార్ నమస్తే. నా ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, దాంతోపాటు 1 టీబీ హార్డ్ డిస్క్ డి డ్రైవ్‌గా ఉంది, అది దాదాపు ఖాళీయే. వారం నుంచి సి డ్రైవ్ గీత ఎర్రగా మారిపోయి 4 జీబీ మాత్రమే మిగిలింది అని చూపిస్తోంది. ఏం తినేసిందా అని వెతికితే మొబైల్‌సింక్ అనే ఫోల్డర్ ఒక్కటే 118 జీబీ ఉంది. నాదీ మా ఆవిడదీ రెండు ఐఫోన్లు ఐట్యూన్స్‌లో బ్యాకప్ తీస్తుంటాను. ఐట్యూన్స్ సెట్టింగ్స్ మొత్తం గాలించాను, బ్యాకప్ ఎక్కడ పెట్టాలో మార్చే ఆప్షన్ ఎక్కడా కనబడలేదు. ఆ ఫోల్డర్ కట్ చేసి డి డ్రైవ్‌లో పేస్ట్ చేసేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ కట్ అనే మాట ముందు మర్చిపోండి సార్, కాపీయే చేయాలి. ఎందుకంటున్నానో కింద చెప్తా. ఆప్షన్ కనబడకపోవడం మీ పొరపాటు కాదు, అసలు లేదు కాబట్టి కనబడలేదు. ఐట్యూన్స్‌లోనూ లేదు, 2024లో విండోస్‌కి అందరికీ వచ్చిన యాపిల్ డివైసెస్ యాప్‌లోనూ లేదు. బ్యాకప్ సి డ్రైవ్‌లో మీ యూజర్ ఫోల్డర్ కిందే పడుతుంది, అంతే.

తరలించే ముందు ఒక పని చేయండి, ఆ 118 జీబీలో పనికొచ్చేది ఎంతో చూడండి. ఒక్కో ఫోన్‌కి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది, పేరు చూస్తే తల తిరిగేలా అంకెలూ అక్షరాలూ కలిపి పొడుగ్గా ఉంటుంది. బ్యాకప్ తీసిన ప్రతిసారీ కొత్త ఫోల్డర్ పుట్టదు, ఆ ఫోన్ ఫోల్డర్‌లోనే మారినవి మాత్రం చేరతాయి. కాబట్టి రెండు ఫోన్లకి రెండు ఫోల్డర్లే ఉండాలి. మీ దగ్గర మూడో నాలుగో ఉన్నాయంటే ఎప్పుడో అమ్మేసిన ఫోన్‌దో, పాడైపోయిన ఐప్యాడ్‌దో అలాగే పడి ఉందన్నమాట. పేరు చివర తేదీ, టైమ్ తగిలించి ఉన్న ఫోల్డర్లు కూడా ఉండొచ్చు, అవి ఎప్పుడో రీస్టోర్ చేసినప్పుడో ఆర్కైవ్ చేసినప్పుడో పక్కకి పెట్టినవి. ఫోల్డర్ పేర్లు చూసి ఏది ఎవరిదో ఊహించి డిలీట్ కొట్టకండి. ఐట్యూన్స్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, డివైసెస్ లోకి వెళ్తే ఫోన్ పేరు, తేదీతో లిస్ట్ కనబడుతుంది, అక్కడ నుంచే తీసేయండి. చాలామందికి సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది, డ్రైవ్ మార్చే పనే ఉండదు.

తీసేశాక కూడా ఇరుకుగానే ఉంటే అప్పుడు తరలిద్దాం. అయితే ఫోల్డర్‌ని ఊరికే డి డ్రైవ్‌లో పెడితే ఐట్యూన్స్‌కి ఆ సంగతి తెలియదు. వచ్చేసారి ఫోన్ పెట్టగానే పాత చోటే కొత్త ఫోల్డర్ తెరిచి మొత్తం బ్యాకప్ మొదటినుంచీ మొదలుపెడుతుంది, మళ్లీ గీత ఎర్రబడుతుంది. అందుకని పాత చోట ఒక జంక్షన్ పెట్టాలి. జంక్షన్ అంటే ఏం లేదు, గుమ్మం పాత ఇంటిదే, తలుపు తీస్తే మాత్రం లోపల కొత్త ఇల్లు. ఐట్యూన్స్ ఎప్పటిలాగే సి డ్రైవ్‌లోనే రాస్తున్నా అనుకుంటుంది, ఫైళ్లు మాత్రం డి డ్రైవ్‌లో పడుతుంటాయి. మామూలు షార్ట్‌కట్ పెడితే ఈ పని జరగదు, షార్ట్‌కట్ అనేది మనం డబుల్ క్లిక్ చేయడానికే పనికొస్తుంది.

ఎలాగంటే, ముందు ఐట్యూన్స్ పూర్తిగా క్లోజ్ చేసి ఫోన్ కేబుల్ తీసేయండి. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దించుకున్న ఐట్యూన్స్ అయితే మీ యూజర్ ఫోల్డర్‌లో యాపిల్ అని ఉంటుంది, అందులో మొబైల్‌సింక్, అందులో బ్యాకప్. యాపిల్ సైట్ నుంచి దించుకున్నదైతే యాప్‌డేటా, రోమింగ్, యాపిల్ కంప్యూటర్ అన్న దారిలో ఉంటుంది, యాప్‌డేటా దాగి ఉంటుంది కాబట్టి హిడెన్ ఐటమ్స్ ఆన్ చేయాలి. ఆ బ్యాకప్ ఫోల్డర్‌ని డి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. లోపల చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటాయి, హార్డ్ డిస్క్ మీదకి గంటలు పట్టొచ్చు, స్లీప్ ఆఫ్ చేసి ఛార్జర్ పెట్టి వదిలేయండి. అయ్యాక రెండు చోట్లా రైట్ క్లిక్, ప్రాపర్టీస్ నొక్కి ఫైళ్ల సంఖ్య ఒకటేనా కాదా చూడండి. సైజ్ ఒక్కటే చూసి సరే అనుకోకండి, సంఖ్య ముఖ్యం.

ఇప్పుడు పాత ఫోల్డర్‌ని డిలీట్ చేయకుండా పేరు మాత్రం మార్చండి, బ్యాకప్ పాతది అనో ఏదో ఒకటి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరవండి, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో, పవర్‌షెల్ కాదు, అందులో ఈ కమాండ్ నేరుగా పనిచేయదు. ఎం, కే, ఆ వెంటనే లింక్ అన్న మాట, మూడూ కలిపి ఒకే పదంగా కొట్టండి, ఎంకేలింక్ అన్నమాట. స్పేస్ ఇచ్చి స్లాష్ జే. మళ్లీ స్పేస్ ఇచ్చి పాత ఫోల్డర్ పూర్తి దారి, పేరు మార్చకముందు ఉన్నట్టే, డబుల్ కోట్స్‌లో, ఆ తర్వాత డి డ్రైవ్‌లో ఫోల్డర్ దారి, అది కూడా కోట్స్‌లో. పాత దారి ముందు, కొత్త దారి తర్వాత, ఇది తిరగేసి కొట్టి తలపట్టుకునేవాళ్లే ఎక్కువ. ఎంటర్ కొట్టాక జంక్షన్ క్రియేట్ అయిందని ఒక లైన్ వస్తుంది. ఆ ఫైల్ ఇప్పటికే ఉంది అని వస్తే పాత ఫోల్డర్ పేరు మార్చడం మర్చిపోయారన్నమాట.

ఇక ఐట్యూన్స్ తెరిచి ఒకసారి బ్యాకప్ తీయండి. డి డ్రైవ్‌లో ఆ ఫోన్ ఫోల్డర్‌కి ఇవాళ్టి తేదీ పడితే పని అయినట్టే. అప్పుడు పాతది తీసేయండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి, లేకపోతే జీబీలు తిరిగిరావు. డిలీట్ చేశాను సార్ అయినా ఖాళీ పెరగలేదు అని రాసేవాళ్లలో సగంమంది బిన్ సంగతే మర్చిపోతారు.

ఇక కట్ ఎందుకు వద్దన్నానంటే, నేను చేశాను కాబట్టి. కొన్నేళ్ల కింద ఇలాగే బ్యాకప్ ఫోల్డర్ కట్ చేసి బయటి హార్డ్ డిస్క్‌లో పేస్ట్ కొట్టి పడుకున్నా. రాత్రి కేబుల్ కదిలిందో ఏమో డ్రైవ్ డిస్కనెక్ట్ అయింది, తెల్లారి చూస్తే సగం ఫైళ్లు ఇక్కడ, సగం అక్కడ. ఐఫోన్ బ్యాకప్‌లో ఫోటో పేరు ఫోటోలా ఉండదు, సున్నా సున్నా నుంచి ఎఫ్ఎఫ్ దాకా 256 ఫోల్డర్లలో 40 అక్షరాల పేర్లతో చెల్లాచెదురుగా ఉంటాయి, ఏది ఏ ఫైలో మేనిఫెస్ట్ అనే డేటాబేస్‌కే తెలుసు. ఆ సగం సగాన్ని అతుక్కోవడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది.

డి డ్రైవ్ బదులు యూఎస్‌బీ డ్రైవ్ వాడే వాళ్లకి రెండు మాటలు. ఒకటి, అది ఎక్స్‌ఫ్యాట్‌లో ఉందో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉందో చూసుకోండి, ఇవి డ్రైవ్‌లో ఫైళ్లని గడులు గడులుగా సర్దే రెండు పద్ధతులు. 32 జీబీ దాటిన డ్రైవ్‌ని విండోస్‌లో ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే మామూలుగా ఒక్కో గడి 128 కేబీ వస్తుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో అయితే 4 కేబీ. అంటే 3 కేబీ ఫైల్ కూడా ఎక్స్‌ఫ్యాట్‌లో 128 కేబీ జాగా ఆక్రమిస్తుంది. అలాంటివి లక్ష ఉంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 400 ఎంబీతో పోయేది ఇక్కడ 12 జీబీ పైనే అవుతుంది. కాపీ చేశాక బ్యాకప్ ఉబ్బిపోయింది అనేవాళ్ల సంగతి సాధారణంగా ఇదే. రెండోది, జంక్షన్ డ్రైవ్ అక్షరాన్నే గుర్తుపెట్టుకుంటుంది. ఇవాళ 'ఈ' అక్షరంతో వచ్చిన డ్రైవ్ రేపు 'ఎఫ్' అక్షరంతో వస్తే గుమ్మం గోడకి తెరుచుకున్నట్టే, బ్యాకప్ ఎర్రర్ కొడుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి దానికి ఎక్స్ లాంటి చివరి అక్షరం ఒకటి ఇచ్చేయండి, ఇంకో పెన్‌డ్రైవ్ వచ్చి దాన్ని లాక్కోదు.

ప్రశ్న: అన్నా, నాది మ్యాక్‌బుక్. ఇదే పని మ్యాక్‌లో చేయొచ్చా? బయటి డ్రైవ్‌లోకి పంపేస్తే టైమ్ మెషీన్ ఎలాగూ బ్యాకప్ తీసుకుంటుంది కదా, అని ధైర్యంగా ఉన్నా.

జవాబు: చేయొచ్చు తమ్ముడూ, ఆ ధైర్యం మాత్రం పక్కన పెట్టు. టైమ్ మెషీన్, అదే మ్యాక్‌లోనే వచ్చే బ్యాకప్ ప్రోగ్రామ్, బయటి డ్రైవ్‌లని తనంతట తను బ్యాకప్ చేయదు, ఆప్షన్స్‌లో వాటిని మినహాయింపు లిస్ట్‌లోనే ఉంచుతుంది, నువ్వు తీస్తే తప్ప. అంటే ఇన్నాళ్లూ లోపలి డిస్క్‌లో ఉన్నప్పుడు ఫోన్ బ్యాకప్‌కి కూడా ఒక కాపీ ఉండేది, తరలించిన రోజు నుంచి ఉండదు. ఈ సంగతి డ్రైవ్ పోయాకే చాలామందికి తెలుస్తుంది. ఫోన్ చేతిలో ఉన్నంతకాలం పర్లేదనుకో, ఆ ఫోన్ అమ్మేసి బ్యాకప్ ఒక్కటే మిగిలితే మాత్రం ఇంకో డ్రైవ్‌లో రెండో కాపీ పెట్టుకో.

మిగతాదంతా పైన చెప్పినట్టే. 2019లో వచ్చిన కాటలీనా నుంచి ఐట్యూన్స్ లేదు, ఫైండర్‌లోనే ఫోన్ కనబడుతుంది, మేనేజ్ బ్యాకప్స్ నొక్కితే పాతవి తీసేయొచ్చు. జంక్షన్ బదులు టెర్మినల్‌లో ఎల్‌ఎన్ అని కొట్టి స్పేస్, హైఫన్ ఎస్ ఇచ్చి సింబాలిక్ లింక్ పెట్టాలి, ఇక్కడ మాత్రం విండోస్‌కి రివర్స్, కొత్త చోటు ముందు, పాత చోటు తర్వాత. పర్మిషన్ లేదు అంటే ప్రైవసీ సెట్టింగ్స్‌లో టెర్మినల్‌కి ఫుల్ డిస్క్ యాక్సెస్ ఇవ్వు. రైట్ క్లిక్‌తో చేసే ఏలియాస్, అంటే మ్యాక్ షార్ట్‌కట్, దీనికి పనికిరాదు. డ్రైవ్ పేరు మార్చావంటే లింక్ తెగుతుంది, అది గుర్తుంచుకో.

ప్రశ్న: మాది ఆండ్రాయిడ్ అండి. ఫోన్ స్టోరేజ్ నిండిపోయింది, వాట్సాప్ బ్యాకప్‌లని కంప్యూటర్‌లోకి పంపేద్దామని చూస్తే డేటాబేసెస్ అనే ఫోల్డర్‌లో ఏడెనిమిది ఫైళ్లున్నాయి. అన్నీ తీసేయొచ్చా?

జవాబు: అవి రోజుకొకటి చొప్పున గత వారంవి అండి. తాజాది ఉంచి తేదీ పేర్లున్న పాతవి కంప్యూటర్‌కి పంపేయొచ్చు, కానీ దాంతో పెద్దగా ఏమీ ఖాళీ అవ్వదు, రేపటి నుంచి మళ్లీ పేరుకుంటాయి కూడా. బరువంతా పక్కనే ఉన్న మీడియా ఫోల్డర్‌లో ఉంటుంది. అందులో ఇమేజెస్ లోపల, వీడియో లోపల సెంట్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది చూడండి, మీరు ఎవరికైనా పంపిన ప్రతి ఫోటోకీ వీడియోకీ ఇంకో కాపీ అక్కడ పడుతుంది. గ్యాలరీలో ఒరిజినల్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ముందు చేయి వేయాల్సింది ఆ సెంట్ మీద. అది కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఫోన్‌లో తీసేయండి, చాట్‌లో ఆ ఫోటోలు తెరుచుకోకపోవచ్చు, అంతకుమించి నష్టం లేదు.

ప్రశ్న: బ్యాకప్‌ని డి డ్రైవ్‌కి మార్చాను సార్, కానీ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది, అంటే పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఉంది, ఆ పాస్‌వర్డ్ మర్చిపోయాను. ఎన్‌క్రిప్షన్ తీసేద్దామంటే దానికీ ఆ పాస్‌వర్డే అడుగుతోంది.

జవాబు: ఎన్‌క్రిప్షన్ తీసేయాలనుకోకండి, హెల్త్ డేటా, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కాల్ హిస్టరీ లాంటివి ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌లోనే వస్తాయి. ఐఓఎస్ 11 నుంచి ఒక దారి ఉంది, ఫోన్‌లో రీసెట్ ఆల్ సెట్టింగ్స్ కొడితే బ్యాకప్ పాస్‌వర్డ్ పోతుంది. ఫోటోలు, యాప్‌లు ఎక్కడికీ పోవు, వైఫై పాస్‌వర్డ్‌లు, వాల్‌పేపర్ లాంటివి మళ్లీ పెట్టుకోవాలి. తర్వాత కొత్త పాస్‌వర్డ్‌తో ఫ్రెష్‌గా బ్యాకప్ తీయండి, ఈసారి దాన్ని ఆ ఫోన్‌లోనే రాసుకోకుండా వేరే చోట రాసి పెట్టుకోండి. డి డ్రైవ్‌లో ఉన్న పాతది మాత్రం ఆ మర్చిపోయిన పాస్‌వర్డ్ గుర్తొచ్చేదాకా తెరుచుకోదు, అది యాపిల్ వాళ్లని అడిగినా తెరవలేరు.