బార్బెక్యూకి బొగ్గులు త్వరగా రాజుకోవాలంటే ఏం చేయాలి?

బెంగళూరు వానల్లో బొగ్గు చెమ్మ పడుతుంది, ముందు రోజే ఎండబెట్టండి. కిరోసిన్ మాత్రం వద్దు, ముక్కకు ఆ వాసన పట్టేస్తుంది.

నేను వాడేది రేకు డబ్బా. రంగు లేనిది తీసుకుని, మూత, అడుగు రెండూ కోసేసి, కింది అంచు చుట్టూ మేకుతో చిల్లులు పొడవండి. గ్రిల్‌లో నిలబెట్టి, అడుగున నలిపిన పేపర్ ఉండలు, పైన బొగ్గులు వేసి, చిల్లుల్లోంచి అంటించండి. వేడిగాలి పైకి లేస్తూ కింది నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది, విసిరే పనే లేదు. 15-20 నిమిషాల్లో పై బొగ్గుల అంచులు తెల్లబడతాయి. అప్పుడు పట్టకారుతో డబ్బా పైకి లాగేయండి.

డబ్బా లేదా? ఎండు కొబ్బరి పీచు, విసనకర్ర, బోలెడు ఓపిక.

ఏదైనా ఆరుబయటే. గదిలో అయితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు.