స్నేప్‌కు ముందు, ఆ తర్వాత

ప్రశ్న: హ్యారీ పోటర్ సినిమాల్లో స్నేప్‌గా వేసిన అలన్ రిక్‌మన్ అంటే నాకు చాలా ఇష్టం. ఆయన మొదటి సినిమా 40 దాటాక వచ్చిందట, నిజమేనా? అంతకాలం ఏం చేశారు? సినిమాల్లోకి వెళ్లాక నాటకాలు మానేశారా?
- ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనండి. ఆయన మొదటి సినిమా 'డై హార్డ్' 1988లో వచ్చింది, అప్పటికి ఆయనకు 42. అయితే పాపం లేటుగా అవకాశం వచ్చిందని కొందరు జాలిపడుతుంటారు చూడండి, అది మాత్రం నేను ఒప్పుకోను. ఆ 42 ఏళ్లలో ఆయన చేసిన పని తక్కువేం కాదు.

రిక్‌మన్ పుట్టింది లండన్‌లో, మొదట చదివింది గ్రాఫిక్ డిజైన్. స్నేహితులతో కలిసి సొంతంగా స్టూడియో కూడా నడిపారు. అది వదిలేసి, 26 ఏళ్ల వయసులో, నటన నేర్చుకోవడానికి రాడాలో చేరారు (రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌ని అందరూ అలాగే అంటారు). చదువుకుంటూనే ఖర్చుల కోసం డ్రెస్సర్‌గా పనిచేశారు, అంటే నాటకం ఆడే పెద్ద నటులకు దుస్తులు సిద్ధంగా ఉంచి, వేసుకోవడానికి సాయం చేసే పని. రాల్ఫ్ రిచర్డ్‌సన్‌కి చేశారు, నైజల్ హాథోర్న్‌కి చేశారు. 1982లో బీబీసీ సీరియల్ 'ది బార్చెస్టర్ క్రానికల్స్'లో అదే హాథోర్న్ ఉన్నారు, ఆయనతో సమానంగా రిక్‌మనూ ఉన్నారు! ఆయన కెరీర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 1985లో వేసిన 'లే లియేజాన్ డాంజెరూజ్' నాటకంలో వాల్మాన్ పాత్ర ఆయన దశ తిప్పింది. 1987లో అదే నాటకం న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేకి వెళ్లింది, ఆయనకు అక్కడి నాటకరంగ అవార్డు టోనీకి నామినేషన్ తెచ్చింది, 'డై హార్డ్' అవకాశమూ అక్కడి నుంచే వచ్చింది. కానీ ఆ నాటకాన్ని సినిమాగా తీసినప్పుడు వాల్మాన్ వేషం జాన్ మాల్కోవిచ్‌కి వెళ్లిపోయింది. నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

'డై హార్డ్' మళ్లీ చూస్తే చివర్లో విలన్, అంటే మన రిక్‌మనే, కిందపడే షాట్ గమనించండి. షూటింగ్‌లో ఆయన్ని లెక్కపెట్టి వదులుతామని చెప్పి, లెక్క పూర్తి కాకముందే వదిలేశారు, ఆ ముఖంలో కనిపించే భయం నిజమైనది.

తర్వాత 'రాబిన్ హుడ్'కి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా, టీవీలో రష్యా చరిత్రలోని రాస్‌పుటిన్‌గా వేసినందుకు ఎమ్మీ, గోల్డెన్ గ్లోబ్ అవార్డులు వచ్చాయి. ఆస్కార్‌కి ఒక్క నామినేషన్ కూడా లేదు.

ఇక నాటకాలంటారా, మానలేదండి. స్నేప్‌గా 2001 నుంచి 2011 వరకు 8 సినిమాలు చేస్తూనే లండన్‌లో, బ్రాడ్‌వేలో 'ప్రైవేట్ లైవ్స్' ఆడారు, 2010లో డబ్లిన్ వెళ్లి అక్కడి అబీ థియేటర్లో నార్వే నాటక రచయిత ఇబ్సెన్ నాటకం వేశారు. చివరి పోటర్ సినిమా 2011 జులైలో విడుదలైంది. ఆ నవంబరుకల్లా ఆయన మళ్లీ బ్రాడ్‌వే స్టేజీ మీద ఉన్నారు, 'సెమినార్' అనే కొత్త నాటకంలో, ఈసారి రచన నేర్పే మాస్టారిగా.