గుడ్ల నీళ్ల గురించి అల్లుడికి

అల్లుడూ,

గునుపురంలో చేపల హేచరీ (గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే చోటు) పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మోటారు, షవర్లు, తల్లి చేపలు అన్నీ చెప్పింది గానీ థర్మామీటర్ మాట ఎత్తలేదు. ముందు అది కొను.

బొచ్చె అయినా (మన సంతలో భాకుర అంటారే, అదే), రాగండి అయినా గుడ్లున్న నీళ్లు 26 నుంచి 31 డిగ్రీల మధ్య ఉండాలి. 28 దగ్గరుంటే ఇంచుమించు 15 నుంచి 18 గంటల్లో పిల్ల బయటికొస్తుంది. సాయంత్రం తల్లి చేపలకు గుడ్లు పెట్టించే హార్మోన్ ఇంజక్షన్ చేస్తే తెల్లవారుజాముకు గుడ్లు పెడతాయి. అంటే గుడ్డు ఆయుష్షంతా ఒక్క పగలు. ఆ మిట్టమధ్యాహ్నమే దానికి గండం.

నేను మొదటి ఏడాది పర్లాకిమిడిలో డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, దాని నీళ్లే గుడ్ల తొట్టెలోకి వదిలాను. మధ్యాహ్నానికి అవి కాగిపోయాయి. పిల్లలు తొందరగా బయటికొచ్చాయని సంబరపడ్డాను కూడా! తీరా చూస్తే సగం తోకలు వంకర, మిగిలినవి ఈదలేక అడుగున పడ్డాయి. వేడికి గుడ్డు పొర ముందే కరిగిపోయి, పిండం పూర్తిగా తయారుకాకుండానే బయటపడుతుంది. పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, గుడ్డుకు కావలసిందేమో ఎక్కువ. కాబట్టి ట్యాంకుకు, తొట్టెకు తాటాకు పందిరి వెయ్యి. పగలు నీటి ధార కాస్త పెంచు, గుడ్లు నలిగేంత కాదు.

వేడెక్కాయని బోరు నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించకు. ఐసు వేస్తారు కొందరు, అది మరీ దారుణం. మొదటి ఐదారు గంటల్లో గుడ్డు హఠాత్తు మార్పును అసలు తట్టుకోదు. మెల్లగా, కొంచెం కొంచెంగా కలపాలి.

అల్పపీడనం పట్టి నీళ్లు చల్లబడితే గుడ్లు ఆలస్యంగా పొదుగుతాయి. ఈలోగా పాలలా తెల్లబడిన చచ్చిన గుడ్లకు బూజు పట్టి, పక్కవాటికి అంటుకుంటుంది. అలాంటి రోజు ఇంజక్షనే మానుకో.

ఎండాకాలంలోనే మొదలుపెట్టెయ్యాలన్న తొందర కూడా వద్దు. మన ఒడిశాలోనే అంగుల్‌లో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి గారు 1957లో ఈ ఇంజక్షన్ పద్ధతి సాధించింది కూడా జులైలోనే.

థర్మామీటర్లు రెండు కొను, ఒకటి ఎలాగూ పగులుతుంది.

మీ మావయ్య