క్రీము సంగతి సరే, చెప్పేవాళ్ల సంగతేంటి?

బుజ్జీ,

నువ్వు పంపిన ఆ క్రీము వీడియోలు చూశాను. ఆ అమ్మాయి చక్కగా మాట్లాడుతుంది, కాదనను. ‘ఏడు రోజుల్లో గ్లాస్ స్కిన్’, అంటే గాజులా మెరిసే చర్మం, వస్తుందంటూ అరచేతిలో వైకుంఠం చూపించింది. అక్క పెళ్లి దగ్గరపడింది కాబట్టి నీ ఆత్రం నాకు అర్థమవుతుంది. ‘కొనమంటావా పెద్దమ్మా’ అని అడిగావు. కొనడం సంగతి తర్వాత, ముందు ఆవిడ మాట ఎంతవరకు నమ్మొచ్చో చూద్దాం.

ఇక్కడ రెండు లెక్కలున్నాయి, కలిపేయకు. ఆవిడకి విషయం తెలుసా అన్నది ఒకటి. తెలిసింది ఉన్నదున్నట్టు చెప్తోందా అన్నది ఇంకొకటి. డిగ్రీ లేకపోయినా ఉన్నమాట చెప్పేవాళ్లున్నారు. చర్మవ్యాధుల్లో ఎండీ చేసి సొంత బ్రాండు సీరమ్ అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. ఆ సీరమ్ మంచిదే కావచ్చు, కానీ అది అమ్ముడైతే డబ్బు ఎవరికి వెళ్తుందో మర్చిపోకు.

చదువు సంగతి తేల్చుకోవడం తేలికే. పేరు ముందు ‘డాక్టర్’ అని ఉంటే సరిపోదు. పళ్ల డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, ఫార్మ్‌డీ చేసినవాళ్లు కూడా అలా పెట్టుకుంటారు. చర్మం డాక్టరైతే ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, చర్మవ్యాధుల్లో చేసిన డీఎన్‌బీ లాంటి చదువు ఏదో ఒకటి ఉండాలి. ‘స్కిన్ ఎక్స్‌పర్ట్’ అనేది డిగ్రీ కాదు. కాస్మెటాలజీ సర్టిఫికెట్ కూడా ఎండీతో సమానం కాదు. నేషనల్ మెడికల్ కమిషన్ సైట్‌లో పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి వెతకొచ్చు. నేనూ ఫార్మసీ చదివినదాన్నే. ట్యూబులో ఏముందో చెప్పగలను గానీ, నీ బుగ్గ మీది మచ్చ ఎందుకొచ్చిందో చెప్పడం నా పని కాదు.

ఇక డబ్బు సంగతి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లూయెన్సర్లకు మార్గదర్శకాలిచ్చింది. డబ్బే కాదు, ఫ్రీగా వచ్చిన సరుకు, కంపెనీ ఖర్చుతో వెళ్లిన ట్రిప్పు కూడా చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. అదే ఏడాది ఆగస్టులో ఆరోగ్యం గురించి చెప్పేవాళ్ల అర్హతల మీద కూడా నిబంధనలొచ్చాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా ఉంది. కానీ మనవాళ్లు చల్లకొచ్చి ముంత దాచినట్టు ‘యాడ్’ అన్న ముక్కని ముప్ఫై హ్యాష్‌ట్యాగుల అడుగున పెడతారు. ‘నా కోడ్ వాడితే ఇరవై శాతం తగ్గింపు’ అన్నారంటే ఆ కోడ్ మీద ఎంత సరుకు అమ్ముడైందో కంపెనీకి లెక్క తెలుస్తుందన్నమాట. డబ్బు తీసుకోవడం తప్పని నేననను, దాయడం తప్పంటాను.

ఇంకో పరీక్ష నువ్వే చెయ్యొచ్చు. ఆవిడ పేజీలో ఆరు నెలలు వెనక్కి వెళ్లు. ముడతలకి రాసే రెటినాల్ లాంటిది పనిచేసిందో లేదో తెలియాలంటే మూడు నెలలదాకా పడుతుంది. ఆవిడేమో నెలకి నాలుగు సీరమ్‌లు ‘నా లైఫ్ మార్చేసింది’ అంటుంది. ఉన్నది ఒక్క ముఖమేగా! ఏది దేనివల్ల మెరిసిందో ఆవిడకైనా ఎలా తెలుస్తుంది? ఇది నాకు పడలేదనో, ఇలాంటి మొటిమలకు డాక్టర్ దగ్గరికే వెళ్లండనో ఎప్పుడైనా అందేమో కూడా చూడు. అలా చెప్పేవాళ్లుంటే వాళ్ల మాట కాస్త వినొచ్చు. రింగ్ లైటు, ఫిల్టర్ల గురించి నాకంటే నీకే బాగా తెలుసు.

ఏడు రోజుల్లో మెరుపు, తెలుపు అన్న మాట వింటేనే నాకు భయం. గుంటూరు కొత్తపేటలో మందుల షాపు నడిపిన రోజుల్లో, ఆడపిల్లలు కౌంటర్ దగ్గరికొచ్చి మందు పేరు చెప్పకుండా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపించేవాళ్లు. చూస్తే అది స్టెరాయిడ్ ట్యూబు. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, వీటిలో ఏదో ఒకటి. కొన్నిట్లో మొమెటాసోన్‌తోపాటు మచ్చలకి వాడే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిసి ఉంటాయి. రాసిన కొత్తలో నిజంగానే పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. స్టెరాయిడ్‌కి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎరుపూ వాపూ తగ్గి ముఖం తేటగా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే వీడియో తీస్తారు. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలొస్తాయి, బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే మంట, దాంతో మళ్లీ ట్యూబు కోసం పరుగు. మన దేశపు చర్మ డాక్టర్లు దీనికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని పేరు కూడా పెట్టారు. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. ఇప్పటికే అలాంటిది వాడుతున్న నీ స్నేహితురాలెవరైనా ఉంటే, ఒక్కసారిగా మానేయమని చెప్పకు. డాక్టర్‌కి చూపించుకోమను. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోనూ చర్మవ్యాధుల ఓపీ ఉంది.

లేబుల్ సరిగ్గా లేని ఫెయిర్‌నెస్ క్రీములది ఇంకో గొడవ, పాదరసం. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరిని డాక్టర్లు ఆరా తీస్తే ఇలాంటి క్రీములే బయటపడ్డాయి. బీసెంట్ రోడ్డులో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ లేకపోతే అక్కడే వదిలేయ్.

పెళ్లి లోపు కొత్త సీరమ్‌లేవీ మొదలుపెట్టకు. పడకపోతే తగ్గడానికి కూడా టైముండదు. బెజవాడ ఎండకి సన్‌స్క్రీన్ రాయి, రెండు వేళ్ల పొడవునా తీసుకుంటే ముఖానికీ మెడకీ సరిపోతుంది. నిమ్మరసం రుద్దుకుని మాత్రం ఎండలోకి వెళ్లకు, బొబ్బలెక్కి మచ్చలు పడొచ్చు. అంతగా కొత్తది వాడాలనుంటే పెళ్లయ్యాక ముందు ముంజేతి లోపలివైపు కొన్ని రోజులు రాసి చూసుకో. ఎవరైనా మోసపుచ్చి అమ్మారనిపిస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, బిల్లు దగ్గర పెట్టుకుని.

ఆ అమ్మాయి చెప్పిన క్రీము ఇప్పటికే కొనేశావని మీ అమ్మ అంటోంది. అయితే పెట్టె వెనకవైపు ఫోటో తీసి పంపు, అక్షరాలు కనపడేలా. ముందువైపు అక్కర్లేదు.

మీ పెద్దమ్మ