మీరు తెలుగువాళ్ళా అండీ?

సంక్రాంతికి తిరుపతి వచ్చినప్పుడు, బైరాగిపట్టెడలో మా అమ్మావాళ్ళ ఎదురింటి అమ్మాయి ఒక సాయంత్రం వచ్చి కూర్చుంది. పెళ్ళయి ఎనిమిది నెలలు. భర్త అమెరికాలో, డల్లాస్‌లో ఉన్నాడు, వచ్చే నెలలో తనూ బయల్దేరుతోంది. ఇక్కడ మూడేళ్ళుగా ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ (దుకాణం లేకుండా మనుషుల చేత నేరుగా అమ్మించే కంపెనీ) తరఫున క్రీములు, షాంపూలు అమ్ముతోంది. "కొర్లగుంట నుంచి తిరుచానూరు దాకా అందరికీ నేను తెలుసక్కా. అక్కడికి పోతే నేనెవరికి తెలుసు? మళ్ళీ పేరు తెచ్చుకోవాలంటే ఏం చేయాల?" అని అడిగింది. సగం చెప్పేలోపే చుట్టాలొచ్చారు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న అడిగేవాళ్ళు ఆమె ఒక్కతే కాదు.

ముందు వీసా సంగతి తేలాలి. హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా, దాని మీద వెళ్ళేవాళ్ళు ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, చేతికి వచ్చేదాకా ఒక్క షాంపూ సీసా కూడా కమీషన్ మీద అమ్మకూడదు. "ఉద్యోగం కాదు కదా, సొంత వ్యాపారమే కదా" అని నచ్చజెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. అమ్మి డబ్బు తీసుకుంటే అక్కడ అదీ పనే. "అయితే మీ ఆయన పేరు మీద చేరండి" అంటారు ఇంకొందరు. ఆయనది హెచ్-1బీ. ఆ వీసా వేయించిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ ఆయన పని చేయడానికి లేదు. అమ్మేది నువ్వు, రాయించుకునేది ఆయన పేరున అయితే ఇద్దరూ ఇరుక్కుంటారు. హెచ్-4 వాళ్ళకు ఈఏడీ ఇచ్చే నియమం 2015 మే 26న అమల్లోకి వచ్చింది. అదీ అందరికీ కాదు, ముఖ్యంగా భర్తకో భార్యకో ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు, ఆమోదమైన వాళ్ళకు. ఎల్-2 మీద (కంపెనీ బదిలీ చేస్తే ఎల్-1 మీద వెళ్ళినవాళ్ళ భార్యగానో భర్తగానో) వెళ్ళేవాళ్ళు అదృష్టవంతులు, ఐ-94 అనే ప్రవేశ పత్రం మీద ఎల్-2ఎస్ అని ఉంటే వేరే కార్డు అక్కర్లేదు. చదువుకోవడానికి ఎఫ్-1 మీద వెళ్ళే పిల్లలు ఈ జోలికి అసలు పోవద్దు. సందేహముంటే ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి, మిమ్మల్ని కంపెనీలో తన కింద చేర్పించే మనిషిని, అంటే అప్‌లైన్‌ను, మాత్రం అడగొద్దు.

నేను 2008లో వెళ్ళాను. ఏడేళ్ళు కార్డు లేదు. ఆ ఏడేళ్ళూ వృథా అని అప్పట్లో ఏడ్చేదాన్ని. కానీ నా పేరు పుట్టింది అప్పుడే. కారు నేర్చుకున్నాక కొత్తగా వచ్చిన ఆడపిల్లలను డ్రైవింగ్ టెస్టుకు తీసుకెళ్ళేదాన్ని. ఏ కౌంటర్‌లో ఏ కాగితం అడుగుతారో, ఏ రోడ్డులో ప్యారలల్ పార్కింగ్ చేయిస్తారో నాకు కంఠతా. "లైసెన్సు కావాలంటే చిత్తూరు అక్కను అడుగు" అనే మాట మా అపార్ట్‌మెంట్లలో పాకింది. (నాది తిరుపతి. మా ఆయనది చిత్తూరు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.) పర్సనల్ బ్రాండింగ్ అని ఇప్పుడు వేలు పోసి నేర్పిస్తున్నారే, అది ఇదే. నువ్వు లేనిచోట నీ గురించి నలుగురు అనుకునే ఒక్క మాట.

ఆ మాట ఒక్కటే అయి ఉండాలి. మన పుత్తూరు కట్టు చూడు. చెన్నై పోయే రోడ్డు మీద ఎక్కడైనా బస్సెక్కి, విరిగిన చెయ్యి చూపిస్తే చాలు, ఎక్కడ దిగాలో కండక్టరే చెబుతాడు. వాళ్ళు జలుబుకూ మందిస్తాం, జుట్టుకూ నూనె అమ్ముతాం అని ఉంటే ఆ పేరు ఇన్ని తరాలు నిలిచేదా? అక్కడ మనవాళ్ళు కొందరు ఒకే వాట్సాప్ స్టేటస్‌లో పొద్దున ప్రొటీన్ పౌడర్, మధ్యాహ్నం ఇన్సూరెన్స్, రాత్రి చీరలు పెడతారు. వాళ్ళను చూస్తే ఏది కొనాలో కాదు, ఎలా తప్పించుకోవాలో తోస్తుంది. పైగా ఇన్సూరెన్స్ అమ్మాలంటే ఆ రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. నీకు చర్మం గురించి మూడేళ్ళ అనుభవముంది కాబట్టి దాన్నే పట్టుకో.

ఇంకొక చిక్కుంది. అక్కడి తెలుగువాళ్ళు అమ్మేవాళ్ళకు భయపడతారు. కారణం లేకపోలేదు. నేను వెళ్ళిన కొత్తలో సూపర్ మార్కెట్‌లో కూరగాయల దగ్గర ఒకామె నవ్వుతూ వచ్చి "మీరు తెలుగువాళ్ళా అండీ?" అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడు వారాలుగా మా ఆయనతో తప్ప ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదు మరి. ఫోన్ నంబర్లు మార్చుకున్నాం. ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చింది, మా అమ్మ ఆరోగ్యం అడిగింది. రెండోసారి పిలిచినప్పుడు గోడ మీద ప్రొజెక్టర్ వెలిగింది, ఒకరి కింద ఒకరిని చేర్పిస్తే డబ్బెలా వస్తుందో చూపించే సర్కిళ్ళు గీయడం మొదలైంది. నాకు కోపం వచ్చింది వ్యాపారం మీద కాదు, ఆ మొదటి నవ్వు మీద. అందుకే చెబుతున్నాను, "నేను ఫలానా కంపెనీ వస్తువులు అమ్ముతాను, కావలిస్తే చెప్పండి, లేకపోతే మామూలుగా మాట్లాడుకుందాం" అని మొదటి పరిచయంలోనే అనేయ్. పోయేవాళ్ళు పోతారు, మిగిలినవాళ్ళు నమ్ముతారు. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాలోనో వస్తువును పొగిడేటప్పుడు నీకు అందులో డబ్బు వస్తుందన్న సంగతి చెప్పి తీరాలి. అది మర్యాద కోసం మాత్రమే కాదు, వ్యాపారాల మీద కన్నేసి ఉంచే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కోరేదీ అదే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 2016లో కార్డు వచ్చాక ఒక కంపెనీలో చేరాను. ఏడేళ్ళ పేరుంది కదా, మొదటి నెల బాగానే అమ్ముడుపోయింది. రెండో నెల ఒక వరలక్ష్మీ వ్రతం పేరంటంలో, ఇరవైమంది ఆడవాళ్ళ మధ్య, ఒక పొడి డబ్బా చూపించి "మోకాళ్ళ నొప్పులు మూడు వారాల్లో మాయం" అన్నాను. అప్‌లైన్ నేర్పిన వాక్యమది, నేను వాడి చూసింది కూడా లేదు. సోఫాలో కూర్చున్న ఒక పెద్దావిడ, కొంగారెడ్డిపల్లి నుంచి కూతురి పురుడుకు వచ్చినామె, తాంబూలం పక్కన పెట్టి అడిగింది. "ఈ మాట కాణిపాకంలో చెప్పగలవా పాపా?"

మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్ళకు ఈ ప్రశ్న అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. కోనేట్లో మునిగి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎంతటి మొండివాడైనా జంకుతాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు ఒక్క డబ్బా అమ్ముడుపోలేదు సరే, ఆ తర్వాత నాలుగు నెలలు డ్రైవింగ్ టెస్టుకు కూడా నన్నెవరూ పిలవలేదు. తర్వాత తీరిగ్గా డబ్బా వెనక చదివితే, ఇది ఏ జబ్బునూ నయం చేయడానికి ఉద్దేశించింది కాదు అని చిన్న అక్షరాల్లో ఉంది. అక్కడి 1994 నాటి చట్టం ప్రకారం, ఆరోగ్యానికి మేలు అని చెప్పుకునే సప్లిమెంట్ డబ్బాల మీద ఆ మాట అచ్చువేయాలి. డబ్బా నిజం చెబుతోంది, నేనే చెప్పలేదు. అప్పటినుంచి నోటికి వచ్చిన ప్రతి వాక్యాన్నీ ముందు కాణిపాకం పంపించి, తిరిగొచ్చినదాన్నే వాడుతున్నాను. చాలా వాక్యాలు తిరిగి రావు.

కొన్నవాళ్ళు వద్దనుకుంటే ఏం చేయాలో కూడా ముందే తెలుసుకో. కొనేవాళ్ళ ఇంట్లో కూర్చుని చేసిన అమ్మకం 25 డాలర్లు, ఆపైన అయితే, మూడో పనిదినం అర్ధరాత్రి లోపు కొన్నవాళ్ళు రద్దు చేసుకోవచ్చు. శనివారం పనిదినమే, ఆదివారం, ఫెడరల్ సెలవులు లెక్కలోకి రావు. ఈ హక్కుందని నోటితో చెప్పాలి, రద్దు ఫారం రెండు ప్రతులు చేతికివ్వాలి. చాలామంది ఆ ఫారాన్ని కాగితాల అడుగున దాచేస్తారు. నేను దాన్నే ముందు తీసి పైన పెడతాను. వెనక్కి ఇచ్చినవాళ్ళ డబ్బు పది పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి, నేను మరునాడే ఇచ్చేస్తాను. ఇంకో సంగతి, ఇక్కడ తలుపు కొట్టినట్టు అక్కడ కొట్టకు. చాలా ఇళ్ళ ముందు "నో సాలిసిటింగ్", అంటే అమ్మడానికి రావద్దు అనే బోర్డు ఉంటుంది, చాలా ఊళ్ళలో ఇంటింటికీ తిరగాలంటే పర్మిట్ కావాలి. వయోమింగ్ రాష్ట్రంలో గ్రీన్ రివర్ అనే చిన్న ఊరు 1931లోనే పిలవకుండా వచ్చే అమ్మకందారులను నిషేధించింది. ఇలాంటి కట్టుబాట్లకు ఆ ఊరి పేరే స్థిరపడింది. ఆ మాటకొస్తే మన దేశంలోనూ 2021 డైరెక్ట్ సెల్లింగ్ నియమాల ప్రకారం గుర్తింపు కార్డు లేకుండా, ముందు అడగకుండా ఎవరింటికీ వెళ్ళకూడదు. నువ్వు ఇన్నాళ్ళు ఎలా వెళ్ళావో నేను అడగను.

నేర్చుకోవడం గురించి ఎక్కువమంది నన్ను పుస్తకాల పేర్లు అడుగుతారు. నేను మటుకు మా మేనత్త దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ వాయిదాల మీద చీరలు అమ్మేది. భుజాన మూట, చంకలో బౌండు నోటుబుక్కు. ఏ వీధికి ఏ వారమో తప్పేది కాదు. ఈ ఇంట్లో ఏ చీర కొన్నారో పక్కింట్లో చెప్పేది కాదు. ఇది మరీ గుర్తుపెట్టుకో, అక్కడ తెలుగువాళ్ళ లోకం చాలా చిన్నది, ఎవరు మొటిమల క్రీము కొన్నారో శనివారానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. ఆవిడ నోటుబుక్కులో బాకీతో పాటు "పెద్దపాపకు పరీక్షలు, అడగొద్దు" అని కూడా రాసుండేది. నేనూ అలాంటి పుస్తకమే పెట్టాను. ఎవరు వద్దన్నారు, ఏమని వద్దన్నారు, ఆ మాటకు నేనేమన్నాను. ఆదివారం రాత్రి అది తిరగేస్తే నా తప్పులు నాకే కనిపిస్తాయి.

రెండోది, నీ మాట నువ్వు విను. ఫోన్‌లో ఐదు నిమిషాలు రికార్డు చేసి వింటే, నేను పద్నాలుగుసార్లు "యాక్చువల్లీ" అన్నానని తేలింది. మా ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. ఈ జబ్బుకు నాకు టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ పనికొచ్చింది. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన సంఘమది, అక్కడ చాలా ఊళ్ళలో ఉంటుంది. మనం మాట్లాడుతుంటే "అ, ఉమ్" అని ఎన్నిసార్లు నసిగామో లెక్కపెట్టడానికే ఒక మనిషిని కూర్చోబెడతారు. మొదటిరోజు సిగ్గుతో చచ్చిపోయాను. ఆరు నెలలకు ఆ లెక్క రెండుకు దిగింది. కార్డు రాకముందే చేరొచ్చు, అందులో జీతం లేదు కాబట్టి. ఊరి లైబ్రరీలో ఉచితంగా ఇంగ్లీషు క్లాసులు కూడా చాలాచోట్ల ఉంటాయి. మన యాస పోగొట్టుకోవాలని వెళ్ళకు, ఎదుటివాళ్ళు రెండోసారి అడగకుండా ఉండేందుకు వెళ్ళు.

పన్ను సంగతి రెండు ముక్కలు. నువ్వు కంపెనీ ఉద్యోగివి కావు, సొంతంగా పని చేసుకునేదానివి. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలితే చాలు, రిటర్న్ వేసి, మామూలు ఇన్‌కమ్ టాక్సు కాక సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సు కూడా కట్టాలి. దాని రేటు 15.3 శాతం. పని మీద తిరిగిన మైళ్ళు ఏరోజుకారోజు రాసుకుంటే, మైలుకు ఇంత చొప్పున (2025కు అది 70 సెంట్లు) ఖర్చు కింద చూపించుకోవచ్చు. ఏడాది చివర గుర్తు తెచ్చుకుని రాస్తామంటే కుదరదు, నేను ఒకసారి అలా చేసి జాస్తిగానే పోగొట్టుకున్నాను.

చివరగా, గాంధీ రోడ్డులో విజిటింగ్ కార్డులు చవకగా వేయిస్తారు, వేయించుకోనా అని అడిగావు. వేయించుకో, కానీ కంపెనీ గుర్తు అనుమతి లేకుండా వేయొద్దు. ఇక్కడి కంపెనీ అక్కడ లేకపోతే ఆ కార్డులు ఎటూ పనికిరావు. నీ పేరు, దాని కింద "చర్మ సంరక్షణ" అని ఇంగ్లీషులో ఒక్క ముక్క చాలు. ఫోన్ నంబరు చోటు ఖాళీగా వదలమను, డల్లాస్‌లో సిమ్ తీసుకున్నాక పెన్నుతో రాసుకుందువు. వంద చాలు, ఐదొందలు వద్దు.